పూర్వపక్షానికి భయపడే సిద్ధాంతం



గత కార్తిక మాసంలో ఒకనాటి సాయంకాలం, ప్రదోషకాల నీరాజనం ముగిసి నేను గర్భాలయ ద్వారం వేయబోతుండగా, నిత్యం దర్శనానికి వచ్చే భక్తులు ఎనిమిది మంది ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. మా పట్టణంలోని గ్రంథాలయ భవనంలో నెలకు రెండు ఆదివారాలు మానవతావాదులు చర్చాగోష్ఠి జరుపుతున్నారనీ, అందులో దైవాన్ని, కర్మకాండను, పునర్జన్మను ప్రశ్నిస్తున్నారనీ, కనుక ఆ భవనాన్ని వారికి ఇవ్వరాదనీ అందులోని అభ్యర్థన. "పంతులుగారూ, మొదటి సంతకం మీదే ఉండాలి. మీరు చేస్తే ఊరంతా చేస్తుంది" అన్నారు.

నేను సంతకం చేయలేదు. ఆ ఎనిమిది మందిలో ఇద్దరు నాటి నుండి నా చేతి తీర్థం తీసుకోవడం మానివేశారు. వారిపై నాకు కోపం లేదు. వారి భక్తి నిష్కపటమైనది. కాని భక్తి నిష్కపటమైనంత మాత్రాన దాని నుండి పుట్టిన ప్రతి కార్యమూ ధర్మ్యం కాజాలదు. నేనెందుకు సంతకం చేయలేదో వారికి చెప్పవలసిన బాధ్యత నాకున్నది. ఆ గోష్ఠివారికి చెప్పవలసిన మాటలు కూడా కొన్ని ఉన్నాయి. అవి వారికి రుచించకపోవచ్చు. ఉభయులూ సహనంతో చదవగలరని ప్రార్థన.

మొదట వస్తుస్వరూపాన్ని విచారిద్దాం. ఈ గోష్ఠులు నిన్న మొన్న పుట్టినవి కావు. 1876లో న్యూయార్క్ నగరంలో ఫీలిక్స్ ఆడ్లర్ అనే పండితుడు నైతిక సంస్కృతి సంఘాన్ని స్థాపించాడు. దైవవిశ్వాసంతో నిమిత్తం లేకుండా సదాచారం కొరకు జనులు కూడి మాట్లాడుకోవాలన్నది ఆయన సంకల్పం. ఆయన తండ్రి యూదుల మతాచార్యుడు; ఆ పీఠానికే కుమారుణ్ణి సిద్ధం చేశారు. మన దేశంలో 1946లో మానవేంద్రనాథ రాయ్ ఇరవై రెండు సూత్రాలతో నవ్య మానవవాదాన్ని ప్రతిపాదించి, రెండేళ్లకు తన రాజకీయ పక్షాన్నే రద్దుచేసి, అధ్యయన శిబిరాల మార్గం పట్టాడు. ఆయన జన్మనామం నరేంద్రనాథ భట్టాచార్య. వంగదేశపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. మన తెలుగునేలపై తెనాలి ఆ ఉద్యమానికి గట్టి స్థానం. అంతకు పూర్వమే అదే తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి గారు సూతాశ్రమాన్ని నెలకొల్పి పురాణాలను తర్కానికి పెట్టారు. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని ప్రారంభించి, 1947లో విజయవాడకు తరలించారు. ఆయనదీ బ్రాహ్మణ కుటుంబమే.

ఈ నామావళిని ఎందుకు స్మరించానంటే, వీరిలో పలువురు మన ఇళ్ల నుండీ, మనవంటి మతాచార్యుల ఇళ్ల నుండీ బయలుదేరినవారే. పరదేశం నుండి ఎవరో వచ్చి మన బిడ్డలను అపహరించారని అనుకోవడం సులభం. వారు మన అరుగుల మీదనే కూర్చుండి, మన మంత్రాలనే విని, అడగవలసినది అడిగి, సమాధానం దొరకక లేచిపోయారు. ఆ లేచిపోవడంలో మన భాగమెంత అన్నది మొదటి ప్రశ్న.

ఇక సిద్ధాంతానికి వద్దాం. ప్రశ్నించే సభ నాస్తికుల సొత్తు అని ఎవరన్నారు? గౌతమ మహర్షి న్యాయశాస్త్రంలో సంవాదాన్ని మూడు విధాలుగా విభజించాడు. సత్యనిర్ణయం కొరకు ఉభయులూ ప్రమాణ తర్కాలతో జరిపేది వాదం. గెలుపే లక్ష్యంగా ఛలజాతుల నాశ్రయించేది జల్పం. తన పక్షమంటూ ఏదీ స్థాపించక ఎదుటివాని పక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. ఈ మూడింటిలో నిందార్హమైన వితండకు కూడా శాస్త్రంలో లక్షణం చెప్పి చోటిచ్చారు. కాని ఎదుటివాడు నోరు తెరవకముందే సభామందిరానికి తాళం వేయించడం అనే నాలుగవ విధం ఆ శాస్త్రంలో నాకు కనబడలేదు. వితండవాది కూడా వాదిస్తాడు. తాళం వేసేవాడు వాదించడు. అనగా ఆ కాగితం వితండకంటె దిగువది.

కొందరు గార్గి ఉదంతాన్ని నాకు ఎదురుగా నిలిపారు. జనకుని సభలో యాజ్ఞవల్క్యుడు ఆమెను అతిప్రశ్న వద్దని వారించాడు కదా, మితిమీరి అడిగితే శిరస్సు పడిపోతుందన్నాడు కదా అని. సత్యమే. కాని ఉపనిషత్తును అక్కడ మూసివేయరాదు. అదే అధ్యాయంలో ఆ గార్గియే మరల లేచి, ధనుర్ధారి రెండు బాణాలు చేతబట్టి నిలిచినట్లు రెండు ప్రశ్నలతో నిలిచింది. యాజ్ఞవల్క్యుడు ఆమెను సభ నుండి పంపివేయలేదు. అక్షరతత్త్వాన్ని ఉపదేశించాడు. ఆ మహోపదేశం రెండవమారు అడిగిన ప్రశ్న వలన మనకు దక్కింది. మొదటి వారింపుతోనే ఆమె నోటికి తాళం పడి ఉంటే వేదాంతానికి ఎంత నష్టం వాటిల్లేదో ఆలోచించండి.

విద్యారణ్యుల నామంతో ప్రసిద్ధమైన సర్వదర్శన సంగ్రహం తెరిచి చూడండి. మొదటి ప్రకరణం చార్వాకులది. దేహమే ఆత్మ, ప్రత్యక్షమే ప్రమాణం, పరలోకం లేదు అనే వాదాన్ని అక్కడ దాని పూర్ణబలంతో నిలబెట్టారు. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యం మూడవ అధ్యాయం మూడవ పాదంలో దేహాత్మవాదాన్ని ఖండించే ముందు దానిని సాకల్యంగా వినిపించారు. కుమారిల భట్టులు వేదప్రామాణ్యం కొరకు జీవితాన్ని ధారపోస్తూనే, జగత్తుకు ఒక కర్త ఉన్నాడన్న వాదాన్ని శ్లోకవార్తికంలో నిశితంగా తర్కించి నిరాకరించారు. ఆయనను ఎవరూ వైదికులలో నుండి వెలివేయలేదు. ఈశ్వరసిద్ధి కొరకు ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలి రచించారు. ప్రతివాదుల నోరు మూయించమని ఏ రాజునూ ఆశ్రయించి ఊరుకోలేదు. పూర్వపక్షాన్ని దాని పక్షీయుడే మెచ్చుకునేటట్లు చెప్పలేనివానికి సిద్ధాంతం చెప్పే అధికారం లేదన్నది మన సంప్రదాయం. అటువంటి సంప్రదాయంలో పుట్టి, ఇరవై మంది కూర్చుండి మాట్లాడుకుంటే ధర్మం కూలిపోతుందని భయపడేవాడు ఆ ధర్మబలం మీద తనకు నమ్మకం లేదని తానే ప్రకటించుకుంటున్నాడు.

ఇంతవరకు శాస్త్రం చెప్పాను. ఇప్పుడు స్వవిషయం కొంత చెప్పక తప్పదు.

నా కుమారునికి పదునాలుగేళ్ల వయస్సులో మా తండ్రిగారి ఆబ్దికం నాడు ఒక ప్రశ్న అడిగాడు. "నాన్నగారూ, పిండం కాకి తిన్నది కదా, తాతగారికి ఎలా చేరుతుంది?" భోక్తలు కూర్చున్నారు, వేళ మించిపోతున్నది, నేను తడిబట్టలతో ఉపవాసంతో ఉన్నాను. చెంప మీద కొట్టాను. వాడు ఆనాటి నుండి ఆ విషయమై నన్ను మరల అడగలేదు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారాలు ఇటువంటి గోష్ఠులకే వెళుతున్నాడని రెండేళ్ల క్రితం తెలిసింది.

చాలాకాలం తరువాత ఒకనాడు చార్వాక ప్రకరణం పాఠం చెబుతుండగా నా కంఠం ఆగిపోయింది. ఇక్కడ పెట్టిన అన్నం మరణించినవానికి తృప్తినిస్తే, ప్రయాణానికి పోయేవానికి దారిబత్తెం కట్టడం ఎందుకు అని అక్కడ చార్వాకుడు అడుగుతాడు. నా బిడ్డ అడిగిన ప్రశ్న అదే! విద్యారణ్యులు ప్రథమాసనం ఇచ్చిన ప్రశ్నకు నేను చెంపదెబ్బ ఇచ్చాను. సమాధానం నాకు తెలియక కాదు. నామగోత్రాలతో, శ్రద్ధతో అర్పించినది పితరులు ఏ రూపంలో ఉంటే ఆ రూపానికి యోగ్యమైన ఆహారంగా పరిణమిస్తుందని పురాణాలు చెబుతాయి. ఆ ప్రక్రియను అంగీకరించని బాలునికైనా, తనను పెంచినవారి ఋణం వారి మరణంతో తీరిపోదని, ఆ ఋణస్మరణకు ఏడాదికొక దినం, ఒక నియమం, ఒక ఉపవాసం కావాలని చెప్పవచ్చు. అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు నా వద్ద లేకపోయాయి.

అందువలన ఆ కాగితం వచ్చిన తరువాతి ఆదివారం నేను ఆ గోష్ఠికి వెళ్లాను. విభూతితో, పంచెకట్టుతోనే వెళ్లాను. పాతికమందికి మించి లేరు. విశ్రాంత ఉపాధ్యాయులు, ఇద్దరు వైద్యులు, కొందరు విద్యార్థులు. నన్ను చూసి ఒక క్షణం నిశ్శబ్దమై, తరువాత ఒక కుర్చీ చూపించారు. ఆనాటి చర్చావిషయం మరణానంతర దేహదానం. ఒక యువకుడు దేవతలను గురించి పరిహాసంగా మాట్లాడబోతే సభను నడిపే పెద్దమనిషి వారించి, విషయానికి రమ్మన్నాడు. చివరకు ఒక వృద్ధురాలు లేచి, తన భర్త దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని ఆయన కోరినా తాను ఇవ్వలేకపోయానని, శాస్త్రోక్తంగానే జరిపించానని చెప్పింది. "పది రోజులూ మంత్రం చదివారు. నాకు ఒక్క మాట అర్థం కాలేదు. అర్థమైనదల్లా సంభావన దగ్గర బేరం మాత్రమే" అన్నది.

ఆ పురోహితుడు నేను కాను. ఆమెది ఈ ఊరు కూడా కాదు. అయినా సభలో ఉన్న ఏకైక వైదికుణ్ణి గనుక తలదించుకున్నాను. ఆమెను నాస్తికురాలిని చేసినది ఆ గోష్ఠి కాదు. మనవాడొకడు ఆమెను అక్కడికి పంపాడు. ఆ భవనానికి తాళం వేయించి ఆమెను తిరిగి ఆలయానికి రప్పించగలమా?

ఇక గోష్ఠివారితో నా వివాదం. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడబోను.

మొదటిది ప్రమాణ ప్రశ్న. మనుష్యుడు గౌరవార్హుడు, ప్రతి మనుష్యుడూ సమానంగా గౌరవార్హుడు అని మీరు అంటారు. ఏ ప్రమాణంతో? ప్రత్యక్షంలో కనబడేది అసమానత. ఒకడు బలవంతుడు, ఒకడు రోగి. ఒకడు మేధావి, ఒకడు మందుడు. మనుష్యుడు పంచభూతాల ఆకస్మిక సంఘాతమే అయితే, ఆ సంఘాతాలలో ఒకటి మరొకదానితో సమానమని ఏ కొలత చెబుతుంది? దుఃఖం అందరికీ సమానమే, సహానుభూతి చాలును అని మీ సమాధానం. అది తక్కువ సమాధానమేమీ కాదు. కాని సహానుభూతికి పరిధి ఉంది. తన బిడ్డ ఏడుపుకు కలిగే వేదన పొరుగూరి బిడ్డ ఏడుపుకు కలగదు. శత్రువు ఏడుపుకు అసలే కలగదు. సహానుభూతి ఎక్కడ ఆగిపోతుందో అక్కడ కూడా ధర్మం ఆగరాదంటే, నాలో ఉన్నదీ వానిలో ఉన్నదీ ఒకటే అన్న దర్శనం కావాలి. ఆ దర్శనాన్ని వేదాంతం ఆత్మైక్యం అన్నది. మీరు ఆ వృక్షం ఫలాన్ని భుజిస్తూ మూలం లేదంటున్నారు.

ఇక్కడ మీరు వెంటనే అడిగే ప్రశ్న నాకు తెలుసు. అంతటి ఆత్మైక్యం మీ చేతిలో ఉండగా ఆలయ ద్వారాలు ఎందుకు మూశారు? దీనికి నేను దాటవేసే సమాధానం చెప్పను. 1936లో తిరువాన్కూరు మహారాజు ప్రకటన వలన, 1947లో మద్రాసు రాష్ట్ర శాసనం వలన తలుపులు తెరుచుకున్నాయి. మా శాస్త్రసభలు తమంతట తాము నిర్ణయించి తెరవలేదు. అదే కాలంలో గోరాగారు సర్వజనులతో సహపంక్తి భోజనాలు చేశారు. ఆత్మ లేదన్నవాడు పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆత్మ ఒకటే అన్నవాడు దూరంగా నిలబెట్టాడు. ఇది మా ఆచరణదోషం, మహాదోషం. కాని వైద్యుడు మందు మింగకపోతే మందు అబద్ధం కాదు. దోషం ఆచరణలో ఉన్నదని మేము ఒప్పుకుంటాం. ఆధారం మీ సిద్ధాంతంలో లేదని మీరూ ఒప్పుకోవాలి.

రెండవది సాధన. సుకేశుడు మొదలైన ఆరుగురు సమిధలు చేతబట్టి పిప్పలాద మహర్షి వద్దకు వెళ్లినప్పుడు, ఒక సంవత్సరం తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఇక్కడ నివసించి తరువాత అడగండి అన్నాడాయన. ప్రశ్నకు వెల ఉంది. రెండు గంటలు మాట్లాడి, తేనీరు సేవించి, కుర్చీలు మడిచి వెళితే బుద్ధికి వ్యాయామం జరుగుతుంది. రాగద్వేషాలు వచ్చినవి వచ్చినట్లే తిరిగి వెళతాయి. మీ గోష్ఠిలో నేను విన్న వాదాలు చక్కనివి. వాదం విన్న తరువాత వినేవాని జీవితంలో ఏ నియమం మారాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మూడవది కర్మ. క్రియాకలాపాన్ని వదిలినవాడు చివరకు మరొక క్రియాకలాపాన్ని కల్పించుకోక తప్పదు. రామస్వామి చౌదరి గారు పురాణాలను ఖండించిన చేతితోనే తెలుగులో వివాహవిధి రచించారు. 2013 జనవరిలో లండన్ నగరంలో ఇద్దరు హాస్యనటులు దైవం లేని ఆదివార సభను ఒక పాత చర్చి భవనంలో ప్రారంభించారు. పాటలున్నాయి, ఉపన్యాసముంది, మౌనముంది, తేనీరుంది. అది త్వరలోనే అనేక నగరాలకు పాకింది. కొన్నేళ్లకే అనేక చోట్ల మూతపడింది. అభిప్రాయం కలిసినంత మాత్రాన జనం తరతరాలు కలిసి ఉండరు. పాడెను మోసే నలుగురు కావాలి, పదవనాడు వచ్చి కూర్చునేవారు కావాలి, ఏడాది తిరిగిన తరువాత తిథిని గుర్తుంచుకునేవారు కావాలి. చౌదరిగారు ఈ సత్యాన్ని గ్రహించారు గనుకనే విధిని రాశారు. మీరు కూడా గ్రహించి, క్రియను మూఢత్వమని ఒక్కమాటలో కొట్టివేయడం మానాలి.

ఇవి నా ఆక్షేపణలు. వీటిని చెప్పడానికి నాకు ఏ అధికారి ఉత్తరువూ అవసరం లేదు, ఏ భవనం తాళమూ అవసరం లేదు. వారు కుర్చీ చూపించారు. నేను కూర్చుండి చెప్పాను. కొందరు అంగీకరించారు, కొందరు ప్రతిఖండన చేశారు. వైద్యులలో ఒకరు వేసిన ఒక ప్రశ్నకు నేను ఇంకా సమాధానం వెతుక్కుంటున్నాను.

ఆస్తిక సోదరులారా, మరల మీతో ఒక మాట. మన రాజ్యాంగం 25వ అధికరణం మన ఆలయఘంటకు రక్షణ ఇచ్చింది. అంతఃకరణ స్వాతంత్ర్యం అనే ఆ మాటతోనే వారి గోష్ఠికీ రక్షణ ఇచ్చింది. ఈనాడు వారి సభను ఆపించే కాగితానికి బలం ఉంటే, రేపు మన నగర సంకీర్తనను ఆపించే కాగితానికీ అంతే బలం ఉంటుంది. అంతకంటె ముఖ్యం, మన సభల స్థితిని మనం చూసుకోవాలి. ప్రవచనం జరుగుతుంది, ఒకరు చెబుతారు, వేయిమంది వింటారు, హారతి ఇచ్చి లేస్తారు. చివరిసారి ఒక శ్రోత లేచి సందేహం అడగగా విన్నది ఎప్పుడు? శాస్త్రపరీక్షలకు పేరుగన్న తెనాలి ఉన్న ప్రాంతం మనది. అక్కడ విద్యార్థిని ప్రశ్నలతో నలిపి నలిపి ఉత్తీర్ణుణ్ణి చేస్తారు. పండితునికి ప్రశ్న పరీక్ష, పామరునికి ప్రశ్న పాపం అనడం ఏ న్యాయం?

కనుక ధర్మకర్తల అనుమతితో ఒక నిర్ణయం తీసుకున్నాను. రాబోయే మాఘమాసం నుండి ప్రతి శుద్ధ ఏకాదశి సాయంకాలం మా ఆలయ ముఖమండపంలో ప్రశ్నగోష్ఠి జరుగుతుంది. ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగవచ్చు. దూషణ వద్దు, పరిహాసం వద్దు. అది ఇరుపక్షాలకూ నియమం. అంత్యేష్టిలో, ఆబ్దికంలో, వివాహంలో చదివే మంత్రాలకు ఒక్కొక్కదానికి తెలుగులో తాత్పర్యం చెప్పబడుతుంది. ఇకమీదట నేను జరిపించే ఏ అపరకర్మలోనూ తాత్పర్యం చెప్పక మంత్రం చదవను, సంభావన మాట నా నోట రాదు. తెలియని దానికి తెలియదనే చెబుతాను. ఆ ఆరుగురికి మాట ఇచ్చేటప్పుడు పిప్పలాదుడంతటివాడు కూడా మాకు తెలిసి ఉంటే చెబుతామన్నాడు. ఆయనకు లేని సిగ్గు నాకెందుకు?

మొదటి ఆహ్వానం గ్రంథాలయ గోష్ఠివారికి పంపాను. రెండవది ఆ ఎనిమిది మందికి. మూడవది హైదరాబాదుకు.

కుమారుడు ఫోను చేశాడు. "నాన్నగారూ, ఏదైనా అడగవచ్చా?" అన్నాడు. అడగవచ్చన్నాను. కొంతసేపు మౌనంగా ఉండి, "కాకి సంగతి కూడానా?" అన్నాడు.

అది మొదటి ప్రశ్నగా రాసుకున్నాను.

ఇతి శమ్.